ఈ వేసవి చెట్టెక్కేదెవరు?

శ్రీనివాసపురం చుట్టూ మామిడి తోపులు, బండల కొండలు, మళ్లీ నీళ్లు చేరిన చెరువులు. సెలవుల్లో పిల్లలకు ప్రకృతిని చూపిస్తామంటూ బెంగళూరు శిబిరాలు కోలారు కొండలకు బస్సులు కడుతున్నాయి. ఈ నేల మీద పెరిగే పిల్లలకు, ఈ నేలను చూడ్డానికి వచ్చే పిల్లలకు నేర్పాల్సింది ఏమిటి? నేర్పేదెవరు?

మే నెల మధ్యకొచ్చేసరికి శ్రీనివాసపురం మార్కెట్ యార్డు దగ్గర నడవడానికి దారి దొరకదు. తోతాపురి గుట్టలు, బేనీషా బుట్టలు, ఇక్కడ బాదామి అని పిలుచుకునే ఆల్ఫోన్సా పెట్టెలు. ఉత్తరాది నంబర్లున్న లారీలు ఓ పక్క, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలకు కాయ మోసుకెళ్లే లారీలు ఇంకో పక్క. కర్ణాటకలో మామిడి అనగానే ముందు వినిపించే తాలూకా ఇది. ఇళ్లల్లో తెలుగు, బడిలో కన్నడం, మండీలో రెండూ కలిసిన బేరం. సర్కారు బడులకు ఏప్రిల్ రెండో వారం నుంచి మే ఆఖరి దాకా సెలవులు కాబట్టి తోపుల్లో పిల్లలు కనిపిస్తారు. కొందరు ఆడుకుంటూ, కొందరు అమ్మానాన్నలతో కాయ ఏరుతూ.

ఇక్కడికి పాతిక కిలోమీటర్ల దూరంలో, కోలారు పట్నాన్ని ఆనుకుని, అంతరగంగ కొండ ఉంది. అదే వేసవిలో, ముఖ్యంగా శని ఆదివారాల్లో, 70 కిలోమీటర్ల అవతలి బెంగళూరు నుంచి బస్సులు అక్కడికి వస్తాయి. దిగేవాళ్లలో పిల్లలు తక్కువేం ఉండరు. తలకు హెల్మెట్, నుదుటికి లైటు, వీపున నీళ్ల సంచి. తాడు పట్టుకుని బండ దిగడం, గుహలో పాకడం, డేరా వేయడం, ముళ్లు వేయడం, కట్టెలు పేర్చి వంట చేయడం. రెండు రోజుల శిబిరానికి తల్లిదండ్రులు వేలల్లో కడతారు. ఈ రెండు రకాల పిల్లలూ ఒకే ఎండలో తిరుగుతారు గానీ ఒకరినొకరు చూసుకోరు.

మా పిల్లలకు శిబిరాలెందుకండీ, పుట్టిందే చెట్టు మీద అని ఇక్కడి పెద్దవాళ్లు నవ్వేస్తారు. ఆ మాటలో ఇప్పుడు సగమే నిజం.

కొమ్మ మాట వినాలి

మామిడి చెట్టు ఎక్కడం చూసేవాళ్లకు అల్లరి. ఎక్కేవాడికి అదో లెక్క. బోదె మీద నుంచి చేతికందే మొదటి కొమ్మ దాకా పొట్టను చెట్టుకు ఆనించి పోవాలి. ఒక చెయ్యి గానీ కాలు గానీ కదిలేటప్పుడు తక్కిన మూడూ గట్టిగా పట్టుకుని ఉండాలి. హిమాలయాల్లో పర్వతారోహణ నేర్పేవాళ్లు మొదటిరోజు చెప్పేదీ ఇదే. పచ్చికొమ్మ వంగి చెబుతుంది, ఎండుకొమ్మ చెప్పకుండా విరుగుతుంది. పాదం ఎప్పుడూ కొమ్మ మొదట్లో పడాలి, చివర్లో కాదు. మునగ చెట్టును ఎంత లావున్నా నమ్మకూడదు. వాన పడిన మర్నాడు ఏ చెట్టూ ఎక్కకూడదు. ఎర్రచీమల గూడుంటే ఆ చెట్టు ఆ రోజుకి వాటిదే.

కాయ కోయడం దాని తర్వాతి తరగతి. చిక్కం కట్టిన దోటిని తొడిమ దగ్గరికి పోనిచ్చి, ఒక్క విదిలింపులో తెంపి, కాయ నేల తగలకుండా దించాలి. తొడిమ మొదలంటా తెగితే సొన చిమ్ముతుంది. అది చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ఆసుపత్రే. కాయ మీద కారితే నల్లటి మచ్చ పడి ధర పోతుంది. అందుకే కొంచెం తొడిమ ఉంచి కోసి, ఆ తర్వాత కాయను బోర్లించి సొన కారనిస్తారు. పదేళ్ల పిల్లకు ఇదంతా నోటికి వస్తే, వృక్షశాస్త్రం, భౌతికశాస్త్రం, వ్యాపారం మూడూ కలిపి వచ్చినట్టే.

అయితే చెట్లే పొట్టివవుతున్నాయి. ఈ తాలూకాలోనే హొగళగెరెలో మామిడి కోసం ప్రత్యేక కేంద్రం ఉంది. అక్కడా, ఇతర చోట్లా ఉద్యాన శాఖ రైతుకు చెప్పే కొత్త పద్ధతి ఒకటే: దగ్గర దగ్గరగా నాటండి, ఏటా కత్తిరించండి, చెట్టును మనిషి ఎత్తు దాటనివ్వకండి. నేల మీద నిలబడి కాయ కోసుకోవచ్చు, కూలీ తగ్గుతుంది, కాయ దెబ్బతినదు. రైతు కోణంలో వంక పెట్టడానికి లేదు. కొమ్మ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకునే పిల్లలూ తగ్గుతారు. కానీ ఓ పాతికేళ్ల తర్వాత ఈ మామిడి సీమలో పెరిగే పిల్లవాడికి పెద్ద చెట్టు ఎక్కాలంటే శిబిరానికే పోవాల్సి రావచ్చు. ఈ హాస్యం మాత్రం నాకు మింగుడుపడడం లేదు.

నార్వేలో ఎలెన్ సాండ్‌సెటర్ అనే పరిశోధకురాలు చిన్నపిల్లలు ఆడే ప్రమాదపు ఆటల్ని గమనించి 2007లో ఆరు రకాలుగా విడదీశారు. ఎత్తులు ఎక్కడం, వేగంగా పోవడం, పదునైన పనిముట్లు పట్టడం, నీళ్లు–నిప్పు లాంటి వాటి దగ్గర తిరగడం, కలబడటం, పెద్దల కంటికి కనపడకుండా తప్పిపోవడం. ఎక్కడో మంచుదేశంలో రాసిన ఆ జాబితాను తెచ్చి మన తోపులో పెడితే ఒక్కటీ మిగలదు: చెట్టు, టైరు బండి, కొడవలి, బావి, గోదాలో కుస్తీ, తోపు అవతలి గట్టు. భయాన్ని కొంచెం కొంచెంగా రుచి చూసిన పిల్లలే పెద్ద ప్రమాదాన్ని కొలవగలుగుతారన్నది ఆమె వాదన. మన అవ్వలు ఈ సిద్ధాంతం ఒప్పుకోరు, కానీ సంధ్య వేళ దాకా పిల్లల్ని వెతకనూ వెతికేవాళ్లు కాదు.

నీళ్లొచ్చాయి, ఈత రాలేదు

కోలారు జిల్లాకు నది లేదు. పాలారు, పినాకిని పేర్లున్నా ఏడాదంతా పారే నీరు లేదు. అందుకే పూర్వులు వాన బొట్టును ఆపడానికి వేల చెరువులు తవ్వుకున్నారు. చెరువు నిండితే కపిల బావులు నిండేవి. ఏ తోపుకైనా ఓ బావి, ఆ బావికి మెట్లో, రాళ్ల సందులో కాలు పెట్టే చోట్లో ఉండేవి. వేసవి సెలవులంటే ఆ బావే. నడుముకు సొరబుర్రో ఎండిన బెండో కట్టి, పలుపుతాడు కొస పైన మామయ్యో బాబాయో పట్టుకుంటే, నాలుగు రోజుల్లో పిల్లవాడు తేలేవాడు. రెండో వారంలో బెండు విప్పేసేవాళ్లు. మూడో వారంలో గట్టు మీంచి దూకేవాడు. ఈత నేర్పిన మనిషికి రుసుం అంటూ లేదు, తిట్లు మాత్రం దండిగా ఉండేవి.

తర్వాత బోర్లు వచ్చాయి. వంద అడుగుల్లో దొరికిన నీరు వెయ్యి దాటి దిగిపోయింది. బావులు ఎండి, పూడి, కంపతో నిండాయి. చెరువులు తుమ్మచెట్ల అడవులయ్యాయి. రెండు తరాల పిల్లలు ఈత లేకుండానే పెరిగారు. నీళ్లు లేని ఊళ్లో ఈత గురించి ఎవరు బెంగపెట్టుకుంటారు?

ఇంతలో కథ మళ్లీ తిరిగింది. బెంగళూరు మురుగును శుద్ధి చేసి, కోరమంగళ–చల్లఘట్ట లోయ నుంచి గొట్టాల ద్వారా కోలారు చెరువులకు పంపే పథకం జూన్ 2018లో మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్లు, వందకు పైగా చెరువులు అన్నది మొదటి దశ లెక్క. ఆ నీటి నాణ్యత మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, అది వేరే కథ. ఆ తర్వాత 2021 చివర్లో కురిసిన భారీ వానలకు, ఏళ్ల తరబడి ఎండిన చెరువులు కూడా మరవ పారాయి. జనం పూజలు చేశారు, తెప్పలు కట్టారు, ఫొటోలు దిగారు.

చెరువు పాతదే గానీ దాని అడుగు పాతది కాదు. ఎండి ఉన్న ఏళ్లలో ఇటుకల కోసం మన్ను, ఇళ్ల కోసం ఇసుక జేసీబీలతో తోడుకుపోయారు. నీళ్లు నిండాక ఆ గుంతలు పైకి కనిపించవు. మోకాలి లోతులో నడుస్తున్న పిల్ల తర్వాతి అడుగులో తల మునిగే గోతిలోకి జారుతుంది. పక్కనున్న పిల్ల చెయ్యి అందిస్తుంది, ఆమెకూ ఈత రాదు. ఒకే చోట ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్త వెనక తరచూ ఇదే ఉంటుంది.

నీట మునిగి ప్రపంచంలో ఏటా దాదాపు 3 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. ఆ సంస్థ చెప్పే ఉపాయాల్లో ఆరేళ్లు దాటిన ప్రతి పిల్లకూ ఈత నేర్పాలన్నది ఒకటి. దాన్ని చూపించి మునిసిపల్ కొలను కట్టమని ఎదురుచూస్తే శ్రీనివాసపురం పిల్లల పెళ్లిళ్లయిపోతాయి. శుద్ధి చేసిన మురుగు చేరే చెరువులో దింపమని నేనూ అనను. నీళ్లున్న ఒక్క బావిని ఎంచుకుని, పూడిక తీసి, మెట్లు బాగుచేసి, తాడు కట్టి, వేసవిలో పూటకు పది మందిని దింపితే చాలు. దానికన్నా ముందు, ఈత రాకపోయినా ఎవరికైనా ఒక్క పూటలో నేర్పగలిగింది ఇంకోటుంది. మునిగేవాణ్ణి చూస్తే దూకకూడదు. తాడు వెయ్యాలి, దోటి అందించాలి, ఏదీ లేకపోతే చీర విసరాలి, పడుకుని చెయ్యి చాచాలి, గట్టిగా అరవాలి. బండ మీంచి తాడుతో దిగడం నేర్పే శిబిరాలు ఎన్నో ఉన్నాయి. ఈ పాఠం నేర్పేవి అరుదు.

గవిలో ఎవరున్నారో

అంతరగంగ పేరు నంది నోట్లోంచి ఏడాది పొడవునా పడే నీటి ధార వల్ల వచ్చింది. మెట్లెక్కి కాశీవిశ్వేశ్వరుడి గుడి దాటితే బండల ప్రపంచం మొదలవుతుంది. శతశృంగ పర్వతం అని పురాణాల పేరు. ఇక్కడి గవులు నీరు సున్నపురాయిని కరిగించి చేసినవి కావు. కొండంత బండలు పగిలి, దొర్లి, ఒకదాని మీద ఒకటి ఆనుకున్నప్పుడు మధ్యలో మిగిలిన సందులు. అందుకే వాటిలో పాకడం గమ్మత్తుగా ఉంటుంది: ఒకచోట పొట్టమీద, ఒకచోట వీపు బండకు, కాళ్లు ఎదుటి బండకు తన్నిపెట్టి జరగాలి. లావుపాటి నాన్న ఇరుక్కుంటాడు, కూతురు చులాగ్గా దాటి వెనక్కి తిరిగి నవ్వుతుంది. పిల్లల ముందు పెద్దవాళ్లు చిన్నబోయే చోటు ఒకటి ఉండటం మంచిదే.

ఆ కొండ మీదే తేరహళ్లి వంటి ఊళ్లున్నాయి. నాటకకర్త, కవి కోటిగానహళ్లి రామయ్య తన మిత్రులతో అక్కడ నెలకొల్పిన ఆదిమ సాంస్కృతిక కేంద్రం ప్రతి పున్నమికి పాటలు, నాటకాలు పెట్టి పేరు తెచ్చుకుంది. పిల్లల శిబిరాలూ అక్కడ జరిగాయి. కొండనూ పిల్లలనూ కలపాలంటే తాడు, హెల్మెట్టే అక్కర్లేదని, పాటా చాలని ఈ జిల్లాలో ముందే తెలుసుకున్నవాళ్లు వాళ్లు.

ఈ కొండల్లో నేర్పాల్సిన అసలు విద్య ఒకటి ఏ శిబిరం కరపత్రంలోనూ నాకు కనిపించలేదు. కోలారు ఆకుముక్కు గబ్బిలం అని ఒక జాతి ఉంది. 1994లో శాస్త్రలోకానికి పరిచయమైంది. ప్రపంచంలో మరెక్కడా లేదు. ఒకప్పుడు తేరహళ్లి గవిలోనూ ఉండేది, అక్కడ అంతరించింది. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన భార్గవి శ్రీనివాసులు, చెల్మల శ్రీనివాసులు బృందం వెతికి చూస్తే, ఈ జిల్లాలోని హనుమనహళ్లిలో ఒకే ఒక్క గుహలో రెండు వందల లోపు గబ్బిలాలు మిగిలి ఉన్నట్టు తేలింది. అప్పటికి చుట్టూ గ్రానైట్ క్వారీల పేలుళ్లు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఆ జాతిని అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

పగలు నిద్రపోయే ఆ ప్రాణికి, నుదుటి లైటు వేసుకుని ఈలలేస్తూ వచ్చే ముప్పయి మంది పిల్లలు క్వారీ కన్నా ఏమంత మేలు? గవి ముందు ఆగి, లోపల ఎవరున్నారో అడిగి, ఉన్నారంటే వెనక్కి తిరగడం కూడా ఒక నైపుణ్యమే. పన్నెండేళ్ల పిల్లలకు అది తాడు దిగడం కన్నా కష్టం. కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది. ఊరి పక్కన తెల్లగా, నున్నగా, గుట్టల్లా నిలబడే సైనైడ్ దిబ్బలు చూడగానే ఎక్కి జారాలనిపిస్తాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడిన గనులు వందేళ్లకు పైగా రాయి నూరి, సైనైడుతో బంగారం లాగి, పారబోసిన పిండి అది. సినిమా షూటింగులకు ఎంత అందంగా కనిపించినా పిల్లల ఆటస్థలం కాదు.

ఇరుగుపొరుగు బడులు

సెలవుల శిబిరం అన్న ఆలోచన మనకు ఇంగ్లిషువాళ్లతో వచ్చింది. 1907 ఆగస్టులో స్కౌటు ఉద్యమానికి ఆద్యుడైన బేడెన్ పవెల్ బ్రౌన్సీ అనే దీవికి ఇరవై మంది దాకా పిల్లల్ని తీసుకెళ్లాడు. సంపన్నుల బడుల పిల్లల్ని, కష్టజీవుల పిల్లల్ని కావాలనే కలిపాడు. అందరికీ ఒకే డేరాలు, ఒకే వంట. 1909లోనే భారతదేశంలో తొలి స్కౌటు దళం మొదలైంది. ఎక్కడో కాదు, మన పక్కనున్న బెంగళూరులో, కెప్టెన్ బేకర్ చేతుల మీదుగా. అయితే అందులో భారతీయ పిల్లలకు చోటు లేదు. దివ్యజ్ఞాన సమాజానికి చెందిన అనీబిసెంట్, అరండేల్ మద్రాసులో మన పిల్లల కోసం వేరే దళం పెట్టి, టోపీ బదులు తలపాగా చుట్టించారు. ఈనాటి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950 నవంబరు 7న ఏర్పడింది. బ్రౌన్సీలో నేర్పిన ముళ్లన్నీ మనవాళ్లు నేర్చుకున్నారు. డబ్బున్నవాణ్ణీ లేనివాణ్ణీ ఒకే డేరాలో పడుకోబెట్టిన సంగతి మాత్రం ఈనాటి ఖరీదైన శిబిరాలకు గుర్తు లేదు.

శ్రీనివాసపురం నుంచి మదనపల్లె రోడ్డు పట్టుకుని సరిహద్దు దాటితే రిషివ్యాలీ. అనీబిసెంట్ పెంచిన జిడ్డు కృష్ణమూర్తి తను పుట్టిన మదనపల్లెకు దగ్గర్లో, 1920ల్లో ఆ లోయను ఎంచుకున్నారు. ఒకప్పుడు చుట్టూ బోడి కొండలే. దశాబ్దాల పాటు మొక్కలు నాటి, మేతను అడ్డుకుని, వాన నీరు ఇంకించి ఆ లోయను పచ్చగా చేశారు. దాంతో పిట్టలు వచ్చాయి. 1991లో దాన్ని పక్షుల సంరక్షణ ప్రాంతంగా ప్రకటించుకున్నారు. పక్షుల అధ్యయనానికి ఒక సంస్థనే నడిపి, దూరవిద్యలో పక్షిశాస్త్రం నేర్పారు. దక్కను బండకొండల్లో తప్ప ఇంకెక్కడా బతకని పసుపుగొంతు పికిలిపిట్ట అక్కడ ఉంటుంది. హార్స్లీ హిల్స్‌లోనూ కనిపిస్తుంది.

అక్కడి పిల్లలు రోజూ సాయంత్రం ఒకచోట చేరి, మాట్లాడకుండా, సూర్యుడు కొండ వెనక్కి దిగేదాకా కూర్చుంటారు. అస్తాచలం అంటారు దాన్ని. పనిముట్టు లేదు, పరీక్ష లేదు. బయటి విద్యల్లో అతి కఠినమైనది బహుశా ఇదే: ఇరవై నిమిషాలు ఏమీ చేయకుండా చూడటం. ఆ చూపు లేనివాడికి పిట్ట పేరు చెప్పినా నిలవదు. మన పిల్లలకు పాలపిట్ట, లకుముకి, గిజిగాడు, జెముడుకాకి, తీతువు అన్న పేర్లన్నీ అవ్వతాతల నోట్లో ఉచితంగా దొరికేవి. ఇప్పుడు అవ్వలకే గుర్తు లేవు.

డబ్బుల మాట వచ్చినప్పుడు భువనగిరిని తలుచుకోవాలి. తెలంగాణలో ఆ ఒంటిబండ కోట కింద, సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి వందకు పైగా పిల్లల్ని తీసుకొచ్చి శేఖర్‌బాబు అనే శిక్షకుడు బండలెక్కడం నేర్పాడు. గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ పట్టుబట్టి చేయించిన పని అది. వడపోత తర్వాత వడపోత జరిగి, డార్జిలింగు, లద్దాఖ్ దాటి చివరికి ఇద్దరు మిగిలారు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి సాధనపల్లి ఆనంద్‌కుమార్. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగో ఏడు నిండలేదు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లలోపు వాళ్లను రానివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి ఎక్కారు. పూర్ణ కూలి చేసుకునే ఇంటి బిడ్డ. ఆ ఎత్తుకు పిల్లల్ని పంపడం సబబా అన్న ప్రశ్న అప్పుడూ లేచింది, ఇప్పటికీ నాకు తేలలేదు. భువనగిరి బండ మీద తక్కిన వంద మందీ నేర్చుకున్నదాని మీద మాత్రం ఏ అనుమానమూ లేదు. కోలారులో అలాంటి బండలకు కొదవ లేదు. సర్కారు బడి పిల్లల్ని అడవికి తీసుకెళ్లే చిన్నర వనదర్శన అనే పథకం కర్ణాటక అటవీ శాఖకు ఇప్పటికే ఉంది. దాన్ని కొంచెం కొండెక్కిస్తే చాలు.

పుస్తకంలో లేని ఆకాశం

శిబిరాల్లో దిక్కులు నేర్పే పుస్తకాలు చాలావరకు పడమటి దేశాల్లో రాసినవే. ధ్రువ నక్షత్రాన్ని చూడాలంటే తల బాగా పైకెత్తమంటాయి. లండన్‌లో నిజమే, అక్కడ అది 51 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. శ్రీనివాసపురం 13వ అక్షాంశం దాటి కొంచెం పైన ఉంది కనుక ఇక్కడ ధ్రువుడూ దిగంతం నుంచి అంతే ఎత్తులో ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి సుమారు 10 డిగ్రీలు. చెరువు కట్ట మీద ఒక పిడికిలి, దాని మీద ఒకటిన్నర వేలు పెడితే అక్కడే ధ్రువుడు. మామిడి తోపులో నిలబడితే కనిపించడు, బయలుకు రావాలి.

మే రెండో వారంలో, రాత్రి తొమ్మిది గంటల వేళ, ఈ ఊరి ఆకాశంలో ఒక విశేషం జరుగుతుంది. ఉత్తరాన సప్తర్షులు నడిమింట నిలిచి, ముందరి రెండు చుక్కలతో ధ్రువుణ్ణి చూపిస్తారు. సరిగ్గా అప్పుడే దక్షిణాన, ధ్రువుడంత ఎత్తులోనే, త్రిశంకుడు నిటారుగా నిలబడతాడు. ఒక్కచోట నిలబడి ముందుకోసారి, వెనక్కోసారి తిరిగితే ఉత్తర దక్షిణాలు రెండూ చేతికొస్తాయి. లండన్ పిల్లలు త్రిశంకుణ్ణి ఎన్నడూ చూడలేరు, సిడ్నీ పిల్లలకు ధ్రువుడు ఎన్నటికీ కనిపించడు. ఇంత సులువైన దిక్సూచి నెత్తిన పెట్టుకుని మనవాళ్లు పిల్లలకు ఫోనులో కంపాస్ చూపిస్తున్నారు.

ఫోను మాట వచ్చింది కాబట్టి కళ్ల సంగతీ చెప్పాలి. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు బయట ఆడించి మూడేళ్లు గమనించారు. అలా అదనంగా ఆడించని బడుల్లో 39.5 శాతం మందికి దూరపు చూపు మందగిస్తే, ఆడించిన బడుల్లో 30.4 శాతం మందికే మందగించింది. 2015లో అచ్చయిన ఫలితం ఇది. వేలు కట్టి రెండు రోజులు కొండకు పంపి, మిగతా ఏడాది గదిలో కూర్చోబెడితే ఈ లాభం రాదు.

పాము, నిప్పు, ఎండ

ఈ సీమలో శిబిరం పెట్టేవాళ్లు తప్పకుండా నేర్పాల్సింది పాము సంగతి. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. అందులో పావు వంతుకు పైగా 15 ఏళ్లలోపు పిల్లలు. కర్ణాటక 2024లో ప్రతి పాముకాటునూ ఆరోగ్య శాఖకు తెలియజేయాలని ఆదేశించింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర అన్న నాలుగూ మన తోపుల్లో తిరిగేవే. బొరియలో చెయ్యి పెట్టకూడదు, చీకట్లో చెప్పుల్లేకుండా నడవకూడదు, నేల మీద పడుకోకూడదు. కరిస్తే కోయకూడదు, పీల్చకూడదు, తాడుతో బిగించకూడదు, పసరు వైద్యుడి దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. కాటు పడిన కాలు కదలకుండా ఆసుపత్రికి చేర్చాలి. పిల్లలకిది ఆటలా నేర్పొచ్చు, ఒకడు కరిపించుకున్నట్టు పడుకుంటాడు, మిగతావాళ్లు దుప్పటితో డోలీ కట్టి మోస్తారు. తోపు నుంచి రోడ్డు దాకా మోస్తే వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది.

నిప్పు రాజెయ్యడం చాలా శిబిరాల్లో ఆకర్షణ. మన కొండలు ఫిబ్రవరి నుంచి ఎండుగడ్డితో ఉంటాయి, ఎవరో వేసిన అగ్గిపుల్లతో ఏటా తగలబడతాయి. ఇక్కడ ముందు నేర్పాల్సింది ఆర్పడం. బూడిదలో చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాకే పొయ్యి దగ్గర్నుంచి లేవాలి. ఎండకు మజ్జిగ, రాగి అంబలి, తలకు తుండు, పదకొండు నుంచి మూడు దాకా నీడ. ఇంతకు మించి చెప్పేదేం లేదు.

పిల్లల్ని శిబిరానికి పంపే తల్లిదండ్రులు ఎన్ని ఆటలున్నాయని అడుగుతారు. దానికన్నా, ఎంతమంది పిల్లలకు ఒక పెద్ద ఉన్నారు, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, పాము విరుగుడు మందు అక్కడుందా, ఏ కొండ, అటవీ శాఖ అనుమతి ఉందా, రాత్రి ఎవరు మేలుకుని ఉంటారు అని అడగాలి. జవాబు తడబడితే డబ్బులు వెనక్కి తీసుకోవాలి. ఆడపిల్లల్ని ఏ కొమ్మ దాకా ఎక్కనిస్తారో కూడా అడగండి. మన ఊళ్లల్లో పదేళ్లొచ్చిన పిల్ల చెట్టెక్కితే, "దిగవే, కాలు ఇరిగితే ఎవురు చేసుకుంటారు నిన్ను?" అన్న కేక ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

నేర్పేవాళ్ల కోసం దూరం పోనక్కర్లేదు. కాపు కాసే నాలుగు నెలలూ తోపులోనే కాపురముండే కావలి కుటుంబానికి రాత్రి శబ్దాలన్నీ తెలుసు. చెరువులో వల వేసే మనిషికి గుంత ఎక్కడుందో తెలుసు. పశువులు కాసే ముసలాయనకు కొండ మీద ఏ సందులోంచి పోతే ఎక్కడ తేలతామో తెలుసు. దోటి పట్టి రోజుకు చెట్లకు చెట్లు దులిపే కూలీకి ఏ కొమ్మ మోస్తుందో తెలుసు. వీళ్లను ఓ పూట పిలిచి, పిల్లల ముందు కూర్చోబెట్టి, చివర్లో శాలువా కప్పి పంపడం మనకు బాగా అలవాటు. అది వద్దు. బెంగళూరు నుంచి వచ్చే శిక్షకుడికి శిబిరం వాళ్లు రోజుకు ఎంతిస్తారో కనుక్కోండి, వీళ్లకూ అంతే ఇవ్వండి. ఇచ్చే ముందు మాత్రం ఇంకొకటి తేల్చుకోవాలి: ఆ శిబిరంలో కూలీ బిడ్డకు సీటు ఉచితమా, కాదా.